ఈలక్క ఎడమకి పొమ్మంది

మా అంబులెన్సులో ముందు సీటు నాది, వెనక గది ఈలక్కది. రెంటికీ మధ్య ఒక చిన్న కిటికీ. అందులోంచి నేను వెనక్కి అరిచే మాట ఒక్కటే: "గతుకు!" వెనకనుంచి నాకు రోజంతా వినపడే మాటలు: "పీల్చు. ఈలలోకే వదులు." మా ఇద్దరి ఉద్యోగం మొత్తం ఇందులో సరిపోతుంది. మిగతావన్నీ దారివ్వని కార్లవాళ్ళని నేను తిట్టే తిట్లు. అవి అచ్చువేయడానికి పనికిరావు.

ఈలక్క అన్న పేరు ఆమెకి మా బండి ఎక్కకముందే ఉంది. అప్పట్లో ఈతకొలను దగ్గర కాపలా ఉద్యోగం. మెడలో ఈల. లోతువైపు పరిగెత్తే పిల్లల్ని, మునిగిపోతూ కూడా తమకి ఈత వచ్చని బుకాయించే పెద్దల్ని ఆ ఈలతోనే అదుపులో పెట్టేది. ఒకసారి నీళ్ళలోంచి ఒక పెద్దాయన్ని లాగి ఊపిరి నిలబెట్టింది. ఇంతలో అంబులెన్సు వచ్చింది, ఆయన్ని ఎక్కించుకుంది, ఈమె ముఖం మీదే తలుపు వేసేసుకుని వెళ్ళిపోయింది. ఆ తలుపు వెనక ఏం చేస్తారో తెలియక ఆమెకి నిద్ర పట్టలేదట. తెలుసుకుందామని చదివింది, పరీక్షలు రాసింది, చివరికి నా నెత్తిన పడింది. ఆమె చేరిన కొత్తలోనే మా బండ్లకి ఆకుపచ్చ ఈలలు వచ్చాయి. ఇంకేం, పేరు స్థిరపడిపోయింది.

నిజానికి అది ఈల కాదు, ఊదితే మోగదు. జానెడు కూడా ఉండని ప్లాస్టిక్కు గొట్టం. చిన్న సీసాలోని మందు అందులో పోస్తే లోపలి ఒత్తి పీల్చుకుంటుంది. ఎముక విరిగినవాళ్ళు దాన్ని నోట్లో పెట్టుకుని నెమ్మదిగా గాలి పీలిస్తే, కాసేపట్లో నొప్పి మెత్తబడుతుంది. మనిషి మెలకువగానే ఉంటాడు, మాట్లాడతాడు. పీల్చిన గాలి మళ్ళీ గొట్టంలోకే వదలాలి, దానికి తగిలించిన బొగ్గు డబ్బా ఆ మందుని పట్టేస్తుంది. బయటికి వదిలితే మా ముక్కుల్లోకే వస్తుంది. అందుకని నేనూ ముందునుంచి ఒక కేక వేస్తాను: "ఈలలోకే వదలండి బాబూ! నేనిక్కడ కునుకు తీశానంటే మనందరికీ ఒకే వార్డులో పక్కపక్క మంచాలు!" నొప్పితో మెలికలు తిరిగేవాడు కూడా దానికి నవ్వుతాడు. నవ్వలేదంటే వాడు ఆరోగ్యంగా ఉన్నప్పుడూ నవ్వడన్నమాట.

ఈల విషయంలో ఆమెకి ఒక చట్టం ఉంది. దాన్ని పట్టుకునే చెయ్యి నొప్పి పడేవాళ్ళదే అయి ఉండాలి. కన్నతల్లి అయినా సరే, కట్టుకున్నవాడైనా సరే, ఇంకొకరు ముట్టుకోకూడదు. ఒకసారి మెట్ల మీద జారి కాలు విరిగిన ఒకావిడకి ఆమె భర్త ప్రేమకొద్దీ ఈలని నోటికి అదిమి పట్టాడు. ఈలక్క ఆయన చేతి మీద ఒక్కటి వేసింది.

"ప్రేమ ఉంటే దుప్పటి కప్పండి సార్. ఈల మాత్రం ఆవిడ చేతిలోనే ఉండాలి."

ఆయన మొహం మాడ్చుకుంటే విడమరిచి చెప్పింది. "మందు ఎక్కువైతే మత్తొస్తుంది. మత్తొస్తే చెయ్యి దానంతటదే వాలిపోతుంది, ఈల జారిపోతుంది, పీల్చడం ఆగిపోతుంది. అదే మనకి కాపలా. మీరు పట్టుకున్నారనుకోండి, కాపలావాణ్ణి కట్టేసి తలుపులు తీసినట్టే."

ఆమెకి ఇంకో అలవాటు కూడా ఉంది. మొదట్లో అది వింటే నాకు చిర్రెత్తేది. ఈల చేతికివ్వగానే పేరూ ఊరూ కాదు, పని అడుగుతుంది. "ఏం పని చేస్తారు? ఎలా చేస్తారు? నాకు నేర్పండి." ఒక గుక్క పీల్చడం, ఒక మాట చెప్పడం, మళ్ళీ ఒక గుక్క. దర్జీ కాలరు ఎలా తిప్పాలో చెబుతాడు. మేస్త్రి గోడ నిలువు ఎలా చూడాలో చెబుతాడు.

"చెల్లెమ్మా, వాడు చచ్చేంత నొప్పిలో ఉంటే నీకు కుట్టుపని పాఠాలా?" అన్నాను ఒకరోజు.

"నొప్పొస్తే మనిషి కాస్తా ఉత్త విరిగిన కాలైపోతాడు అన్నయ్యా. పని అడిగితే మళ్ళీ మనిషవుతాడు. నువ్వు ముందుకి చూసి నడుపు."

ముందుకి చూసి నడిపాను. కానీ విన్నాను. నిజమే, అంతవరకూ ఏడ్చిన దర్జీ గొంతులోకి "అలా కాదమ్మా, ముందు లోపలి గుడ్డ వెయ్యాలి" అనేసరికి ఎక్కడలేని పెద్దరికం వచ్చేసింది. ఈ రకంగా ఆమెకిప్పుడు సగం లోకంలో పనులు వచ్చు. వాళ్ళింటి తాళం చెడిపోతే తనే విప్పి బాగుచేసుకుంది. ఎవరు నేర్పారని అడిగితే, "తొడ ఎముక" అంది.

ఇంట్లో మాత్రం ఈ గొప్పేమీ చెల్లదు. భర్త రొట్టెల బట్టీలో పనిచేస్తాడు, మంచివాడు, మాట తక్కువ. ఆ తక్కువంతా వాళ్ళమ్మ పూడుస్తుంది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. "పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటే ఏమో అనుకున్నాను. ఊరందరికీ ఈలలు పంచుతుంది మా కోడలు, నాకొక్కటి తేదు" అని నాతో మొరపెట్టుకుంది.

"అత్తయ్యా, అది రోజూ వచ్చే నొప్పులకి వాడేది కాదు" అని ఈలక్క.

"ఏం, నావి ఎముకలు కావా? పుల్లలా?"

ఇక నా చెయ్యి సంగతికి వస్తాను. ఆ రోజు నాకు సెలవు. మా ఆవిడ దారాల దుకాణంలో పనిచేస్తుంది, ఆవిడకీ సెలవే. ఫ్యాను రెక్కల మీద దుమ్ము కనపడి, దాని అంతు చూద్దామని బల్ల మీద స్టూలు వేశాను.

"పక్కింట్లో నిచ్చెన ఉంది, అడిగి తెచ్చుకోండి" అంది మా ఆవిడ.

"నాకు తెలుసులే."

నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు, ఆ సంగతి ఆవిడకి పెళ్ళైన వారంలోనే అర్థమైంది. అందుకని తన పని తను చూసుకుంది. ఆ రోజు స్టూలుకి కూడా మూడే కాళ్ళు ఆనాయి. రెండు చేతులూ చాచి నేల మీద పడ్డాను. ఎడమ మణికట్టు అప్పటికప్పుడు వాచిపోయింది. కుడి ముంజెయ్యి వంగకూడని చోట వంగింది. నేను పెట్టిన కేకకి పక్కింటి వాళ్ళు నిచ్చెన లేకుండానే వచ్చారు.

మా ఆవిడ ఫోను చేసింది. వచ్చింది నా బండే. దూరంగా ఉండగానే పోల్చుకున్నాను, ముందు చక్రం దగ్గర కీచుమనే చప్పుడు నాకు తెలియదా? నేను లేనప్పుడు దాన్ని నడిపే మీసాలాయన తెచ్చి గేటుకి అడ్డంగా ఆపాడు. అంత నొప్పిలోనూ నాకు మండింది.

ఈలక్క లోపలికి వచ్చి ఒక్క వెక్కిరింపు మాట కూడా అనలేదు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. తల, మెడ, నడుము అన్నీ చూసింది. నా కుడి మణికట్టు మీద వేళ్ళు పెట్టి నాడి వెతికింది. కాస్త పక్కకి జరిపి మళ్ళీ వెతికింది. నా వేళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ఆమె ముట్టుకుంటే నాకు తెలియడం లేదు.

"నిజం చెప్పు చెల్లెమ్మా."

"చెప్తాను. నాడి అందట్లేదు. ఎముక వంకరగా నిలబడి రక్తం దారిని నొక్కేస్తోంది. ఇలాగే ఆసుపత్రిదాకా తీసుకెళ్తే చెయ్యి దక్కుతుందని నేను మాటివ్వలేను. ఇక్కడే లాగి తిన్నగా చెయ్యాలి."

ఆసుపత్రి డాక్టరుకి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన కానివ్వమన్నాడు.

నాకు భయం వేసింది. మామూలు భయం కాదు. నాకు బండి నడపడం తప్ప వేరే పని రాదు. గతుకు దగ్గర స్టీరింగుని మెత్తగా పట్టి దించేది ఆ కుడిచెయ్యే. అది పోతే నేను ఎవరిని? పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలి? మా ఆవిడ వైపు చూశాను. ఆవిడా అదే ఆలోచిస్తోంది.

ఈలక్క సీసా మూత తీస్తూ ప్రశ్నలు మొదలుపెట్టింది. మూత్రపిండాల జబ్బుందా? గుండె జబ్బుందా? మత్తుమందు పడక మీ ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చిందా?

"నా గురించి నీకు తెలీదా! ఇప్పుడు నా వంశచరిత్ర కావాలా తల్లీ!" అని అరిచాను.

"కావాలి. చెప్పు."

లేదు, లేదు, లేదు అని చెప్పాను. ఆమె ఈలలో మందు పోసి, దానికున్న దారాన్ని మణికట్టుకి తగిలించబోయి ఆగింది. ఏ మణికట్టుకి? రెండూ పనికిరానివే. ఆమె చట్టం నాకు కంఠతా వచ్చు. మరి చేతుల్లేనివాడి సంగతేమిటి?

"పెదవులతో పట్టుకో అన్నయ్యా. పళ్ళతో కొరక్కు. మత్తెక్కువైతే నోరు వదులైపోతుంది, ఈల జారిపోతుంది. ఇవాళ నీ చెయ్యి చెయ్యాల్సిన కాపలా నీ పెదవులు చేస్తాయి. పీల్చు. ఈలలోకే వదులు."

పీల్చాను. మాగిన పళ్ళ వాసన, గొంతులో గరగర. దగ్గొచ్చింది. దగ్గితే చెయ్యి కదిలింది. చెయ్యి కదిలితే పై ప్రాణాలు పైనే పోయాయి. ఈల కిందపడింది, నేను గావుకేక పెట్టాను.

మా ఆవిడ తట్టుకోలేకపోయింది. ఈల తీసి నా నోట్లో పెట్టి, ఊడకుండా అరచేత్తో అదిమి పట్టింది.

"వదినా, చెయ్యి తియ్యి!"

అది ఈతకొలను గొంతు. లోతువైపు పరిగెత్తే పిల్లలు ఎందుకు ఆగిపోయేవాళ్ళో నాకు అప్పుడు అర్థమైంది. మా ఆవిడ చెయ్యి తీసింది కానీ ఊరుకోలేదు.

"నీకేం, నీ మొగుడా? మనిషి గిలగిల్లాడిపోతుంటే కనపడట్లేదా? గుండె కాదు నీది, రాయి!"

ఈలక్క మొహంలో ఏమీ మారలేదు. "అరుస్తున్నాడంటే బానే ఉన్నాడు వదినా. అరుపు ఆగిపోతేనే నాకు భయం. నువ్వు అదిమిపడితే అది ఆగినా మనకి తెలీదు. ఇటు కూర్చో. ఈ పని నువ్వు తప్ప ఎవరూ చెయ్యలేరు. వేలి గోళ్ళు చూస్తూ ఉండు. రంగు మారిన క్షణంలో చెప్పాలి. నా కంటికన్నా నీ కన్ను నయం."

దారాల రంగుల దగ్గర మా ఆవిడ మాటకి తిరుగులేదు. ముక్కు తుడుచుకుని నా చేతి ముందు చతికిలబడింది. ఈలక్క ఈలని తుడిచి నా పెదవుల మధ్య పెట్టి, తన చెయ్యి వెనక్కి తీసేసుకుంది. మీసాలాయన్ని పిలిచి నా మోచేతి పైభాగం పట్టుకోమంది.

"నువ్వు మాట్లాడితే ఈల పడిపోతుంది అన్నయ్యా. అందుకని ఇవాళ నీ పని నేను చెప్తాను. తప్పు చెప్తే తల అడ్డంగా ఊపు. పీల్చు. ఈలలోకే వదులు. మన బండ్ల డిపో గేటు దగ్గర దారికి అడ్డంగా ఇనపకమ్మీలు. అక్కడ నువ్వు తిన్నగా ఎక్కించవు, ఏటవాలుగా ఎక్కిస్తావు, ఒక్కో చక్రం విడివిడిగా. అవునా?"

అవును. నేను పీల్చాను.

"బడి ముందు సైరను మోత ఆపేస్తావు, పిల్లలు బెదురుతారని. కూరగాయల బజారు దగ్గర హారను కొట్టవు, పేరుపెట్టి తిడతావు. దానికే తొందరగా తప్పుకుంటారు."

అదీ నిజమే. మీసాలాయన కిసుక్కుమన్నాడు.

"వంతెన మీద అతుకులుంటాయి. అక్కడ నేను ఎవరికీ సూది పెట్టను. నీకు తెలుసు. అందుకే వంతెన దిగగానే కాలు పూర్తిగా తీసేసి, బండిని దానంతటదే పోనిస్తావు. నిండు గ్లాసు పెట్టినా తొణకదు. నేను సూది పెట్టేది అప్పుడే. నువ్వెప్పుడూ చెప్పలేదు, నేనెప్పుడూ అడగలేదు."

ఆమె ఉండే గదికి దారి కనపడే అద్దం లేదు. ఆ దారిని ఆమె కళ్ళతో చూడలేదు, నిలబడ్డ కాళ్ళతో తెలుసుకుంది. డ్రైవరు పని బాగున్నంతకాలం ఎవడూ గమనించడు, చెడితేనే అందరూ గమనిస్తారు, ఇదే నేను నమ్మిన లోకం. నా వెనకే ఒక మనిషి నిలబడి, నేను దించిన ప్రతి గతుకునీ లెక్కలో వేసుకుంటూ ఉంది. నా కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. మందు వల్లే అని మీసాలాయనకి తర్వాత చెప్పాను.

అప్పటికి నొప్పి ఉంది కానీ నాది కానట్టుగా, పక్కింట్లో ఎవరికో వచ్చినట్టుగా ఉంది.

"వంతెన అయింది. పాత మిల్లు గోడ మలుపు. అక్కడ నువ్వు ఎడమకి పోతావు."

ఎడమకా! ఆ మలుపులో ఎడమపక్క కాలువ మూత కుంగిపోయి ఇంత గుంట ఉంది. తల అడ్డంగా ఊపాను.

"ఎడమకే. నాకు బాగా గుర్తు. ఆ గుంటలో ధడాల్న దించుతావు."

నేనా! దించుతానా! నాకు ఒళ్ళు మండిపోయింది. చెయ్యి సంగతి, చావు సంగతి అన్నీ మరిచిపోయి నోరు తెరిచాను. "ఎవడు దించేది? కుడికి! గోడని ఆనుకుని కుడికి పోతా..."

ఈల జారి నా గుండెల మీద పడింది. ఆ క్షణంలోనే ఆమె లాగింది.

నెమ్మదిగా, గట్టిగా, వదలకుండా లాగింది. లోపల ఏదో గరుక్కుమంది. పక్కింట్లో ఉన్న నొప్పి తలుపు తన్నుకుని వచ్చి నన్ను ఒక్క చూపు చూసి వెళ్ళిపోయింది.

"ఇంకా తెలుపే" అంది మా ఆవిడ.

ఈలక్క లాగిన చేతిని అలాగే పట్టుకుని ఉంది.

"తెలుపే. తెలుపే. ఆగు... బొటనవేలి గోరు మొదట్లో... లేదు, ఉంది! లేత గులాబీ! చూపుడువేలు కూడా! లేత గులాబీ వచ్చేసింది!"

ఈలక్క నా మణికట్టు మీద వేళ్ళు పెట్టింది. "కొట్టుకుంటోంది" అంది. అంతే. బద్ద వేసి కట్టు కట్టింది, మళ్ళీ నాడి చూసింది, నా కళ్ళలోకి చూసి నా పేరూ వారం అడిగింది, మంచినీళ్ళు తాగొస్తానని వంటింట్లోకి వెళ్ళింది. మా ఆవిడ వెనకే వెళ్ళింది. ఇంకో విడత తిట్టడానికి వెళుతోందని నేను హడలిపోయాను.

అక్కడ జరిగింది మా ఆవిడ తర్వాత ఆసుపత్రిలో నా మంచం పక్కన కూర్చుని చెప్పింది. ఈలక్క గ్లాసులో నీళ్ళు పట్టుకుంది కానీ తాగలేకపోయిందట. నోటిదాకా తెచ్చిన నీళ్ళన్నీ చొక్కా మీద పోసుకుందట. కళ్ళమ్మట ధారలట. మా ఆవిడ ఆ గ్లాసు తీసుకుని మళ్ళీ నింపి ఆమె నోటికి పట్టింది. "ఇవి నీళ్ళే కదా. ఇది నేను పట్టుకోవచ్చుగా?" అని అడిగిందట. ఈలక్క తలూపి, చిన్నపిల్లలా తాగిందట. "ఆ పిల్లది రాతిగుండె అన్నానే, నా నోరు పడ" అని మా ఆవిడ అక్కడే కళ్ళొత్తుకుంది.

నన్ను బండి ఎక్కించాక దారంతా స్ట్రెచర్ మీద పడుకుని "గతుకు!" అని అరుస్తూనే ఉన్నాను. ఒక్కటీ తప్పలేదు. మీసాలాయన "బాబూ, ఈయన నోట్లో ఆ ఈల మళ్ళీ పెట్టండి" అని బతిమాలాడు. ఆసుపత్రిలో చెయ్యి కోసి ఎముకకి రేకు బిగించారు. వేళ్ళు బతికే ఉన్నాయి, తిన్నగా చేసి తేవడం మంచిదైందని పెద్ద డాక్టరు అన్నాడు. ఈలక్క చూడటానికి వచ్చినప్పుడు నేను మొదట అడిగింది అదే.

"ఎడమకి పోతానని ఎలా అన్నావు? ఇన్నేళ్ళు నా వెనకాల నిలబడి ఆ మాత్రం తెలీదా?"

"తెలీకేం? నువ్వు నిజంగా మెలకువగా ఉన్నావో లేదో చూడాలి. మత్తులో ఉన్నవాడు నాతో దెబ్బలాడడు." పక్కనున్న మా ఆవిడని చూసి నవ్వింది. "పైగా, కోపమొస్తే ఈయనకి ఇంకేం గుర్తుండదని వదిన నాకెప్పుడో చెప్పింది."

ఎముక అతుక్కోవడం, వేళ్ళకి వ్యాయామం, బంతి నొక్కడం, స్పూను పట్టడం, పట్టలేక విసిరికొట్టడం, మా ఆవిడ మళ్ళీ తెచ్చివ్వడం, ఇవన్నీ అయ్యాయి. డాక్టరు నడపవచ్చన్నాడు. డిపోవాళ్ళు సరేనన్నారు. ఈలక్క మాత్రం ఒప్పుకోలేదు. బండి ముందు నిలబడి తన రెండు వేళ్ళు చాపింది.

"నొక్కు అన్నయ్యా."

నొక్కాను.

"ఇంతేనా?"

ఇంకా నొక్కాను.

"బువ్వ తినలేదా పొద్దున?"

నాకు మండి, ఉన్న బలమంతా పెట్టాను. "అబ్బా! వదులు, వదులు!" అని గెంతింది. "ఈల కావాలా చెల్లెమ్మా?" అన్నాను. చెయ్యి విదిలించుకుంటూ, తిట్టుకుంటూ వెళ్ళి వెనక గదిలో ఎక్కింది.

ఆ రోజు మొదటి పిలుపు ఒక వడ్రంగాయన, భుజం కీలు తప్పింది. వెనకాల ఆయన ఈల పీలుస్తూ, తలుపు చట్రం ఎలా బిగించాలో ఆమెకి నేర్పుతున్నాడు. కమ్మీలు ఏటవాలుగా ఎక్కించాను. బడి ముందు మోత ఆపాను. వంతెన దిగి కాలు తీసేశాను, బండి సాఫీగా జారింది, వెనక ఒక్క క్షణం మాటలు ఆగాయి. సూది పెట్టిందన్నమాట. పాత మిల్లు గోడ కనపడింది. కిటికీలోంచి గొంతు వచ్చింది.

"అన్నయ్యా, ఎడమకి పోనీ!"

"గతుకు!" అని అరిచి కుడికి తిప్పాను. చెయ్యి తిరిగింది.